దామెర్ల రామారావు: దేహాన్ని చూసి గీయడం నేర్చిన చేయి

బొంబాయి సర్ జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో మనిషి బొమ్మ నేర్చుకోవాలంటే చాలాకాలం ప్లాస్టర్ విగ్రహాలే దిక్కు. గ్రీకు శిల్పాల అచ్చులు ముందు పెట్టుకుని విద్యార్థులు వెలుగునీడలు దిద్దేవారు. విగ్రహం కదలదు, అలసిపోదు, ఊపిరి తీయదు. గ్లాడ్‌స్టన్ సాలమన్ ప్రిన్సిపాల్‌గా వచ్చాక, 1919 ప్రాంతంలో, నగ్న మోడల్‌ను ఎదుట నిలబెట్టి గీయించే లైఫ్ క్లాసు మొదలైంది. రాజమండ్రి యువకుడు దామెర్ల రామారావు 1916 నుంచి 1920 దాకా అక్కడ చదివాడు కాబట్టి, పాత చదువూ కొత్త చదువూ రెండూ ఆయన కళ్లెదుటే నడిచాయి.

1897లో పుట్టిన రామారావును బొంబాయికి పంపింది రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే. స్వయంగా చిత్రకారుడైన ఈ ఆంగ్లేయుడు కుర్రవాడి చేతిలోని పనితనాన్ని ముందే గుర్తుపట్టాడు. అడివి బాపిరాజు కూడా ఆయన శిష్యుడే.

మోడల్ ముందు కూర్చున్నవాడు మొదట నేర్చుకోవాల్సింది అందం కాదు, బరువు. మనిషి ఒక కాలిమీద భారం వేసి నిలబడితే ఆ వైపు తుంటి పైకి లేస్తుంది, భుజం కిందికి దిగుతుంది, వెన్నెముక వంపు తిరుగుతుంది. ఇది అచ్చులో కూడా కనిపిస్తుంది. కానీ కాసేపటికి మోడల్ అలసి భంగిమ కొద్దిగా మారినప్పుడు, ఏ గీత నిలుపుకోవాలో ఏది వదిలేయాలో తేల్చుకోవడం సజీవ దేహం ముందే తెలుస్తుంది. రామారావు బొమ్మల్లో నిలబడ్డ స్త్రీల పాదాలు నేలను ఆనుకుని ఉండటం వెనుక ఈ సాధన ఉంది.

ఆ రోజుల్లో ఇది చిన్న విషయమేమీ కాదు. కలకత్తా ఆర్ట్ స్కూలులో హావెల్ యూరోపియన్ అచ్చులను అంతకు చాలా ముందే పక్కన పెట్టించాడు. అవనీంద్రనాథ్ ఠాగూర్ బృందం భావానికి, ఊహకు పెద్దపీట వేసింది. ఎదుటి దేహాన్ని చూసి గీయడం పరాయి పద్ధతి అన్న అభిప్రాయం బలంగా ఉండేది. ఆంధ్రలోనూ ఆ గాలి వీచింది. మచిలీపట్నం జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ బెంగాలు శైలినే నేర్పాడు.

రామారావు ఈ రెండు వాదాల్లో ఏ ఒక్కదానికీ పూర్తిగా లొంగలేదు. బొంబాయిలో పట్టుబడ్డ శరీర నిర్మాణ జ్ఞానాన్ని యూరోపియన్ తైలవర్ణ చిత్రాలకు నకళ్లు తీయడానికి వాడలేదు. అజంతా రేఖనూ తెలుగువారి ఒడ్డూపొడవునూ కలిపాడు. పుష్పాలంకరణ, సిద్ధార్థ రాగోదయం, ఋష్యశృంగ బంధనం వంటి చిత్రాల్లో కథ పాతదే, దేహాలు మాత్రం చూసి గీసినవి. ఆయన ఛాయలు మరీ మృదువుగా ఉంటాయన్న విమర్శలో కొంత నిజం లేకపోలేదు. అయినా గీత మాత్రం తడబడదు.

1923లో రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టి, తాను నేర్చింది ఇతరులకు నేర్పడం మొదలుపెట్టాడు. మిత్రుడు వరదా వెంకటరత్నం తోడు నిలిచాడు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా కుంచె పట్టారు. మధ్యతరగతి ఇళ్లలో ఆడవాళ్లు చిత్రకళ నేర్చుకోవడం అరుదైన కాలమది.

రెండేళ్లు తిరగకుండానే, 1925 ఫిబ్రవరి 6న, మశూచి ఆయనను తీసుకుపోయింది. ఇరవై ఎనిమిదేళ్లు నిండటానికి ఇంకా నెల ఉంది. కళాశాలను వెంకటరత్నం నడిపాడు. బొమ్మలు చెల్లాచెదురు కాకుండా నిలిచాయి. రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న ఆర్ట్ గ్యాలరీలో ఇవాళ్టికీ పూర్తయిన చిత్రాలతో పాటు పెన్సిలు సాధనలూ కనిపిస్తాయి.