గప్పీ చేపల నుండి మేనరికాల వరకు: జె.బి.ఎస్. హాల్డేన్ జన్యు పరిశోధన

(డిసెంబర్ 1 ప్రొఫెసర్ హాల్డేన్ వర్ధంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

ఇరవయ్యో శతాబ్దపు జన్యుశాస్త్రవేత్తలలో అగ్రగణ్యులైన ప్రొఫెసర్ జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్ 1964 డిసెంబర్ 1వ తేదీన భువనేశ్వర్‌లో కన్నుమూశారు. ఇంగ్లండులో జన్మించి భారత పౌరుడిగా మరణించిన ఆ శాస్త్రవేత్త వీలునామాను అనుసరించి, ఆయన పార్థివ దేహాన్ని కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు వైద్య విద్యార్థుల అధ్యయనార్థం అప్పగించారు. 1958లో ఏర్పాటైన ఆ కళాశాల అప్పటికి ఇంకా కొత్తది. ప్రపంచ ప్రఖ్యాతి గడించిన శాస్త్రవేత్త తన దేహాన్ని తెలుగునాట ఒక బోధనశాలకు అర్పించడం వెనుక, ఆంధ్ర ప్రాంతంతో ఆయన పరిశోధనకు ఏర్పడిన సంబంధం ఉన్నది.

హాల్డేన్ 1892 నవంబర్ 5న ఆక్స్‌ఫర్డ్‌లో జన్మించారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియపై పరిశోధన సల్పిన శరీరధర్మ శాస్త్రవేత్త. బొగ్గు గనులలోని విషవాయువులను స్వయంగా పీల్చి పరీక్షించిన ఆయన, కుమారుడిని బాల్యంలోనే గనులలోకి వెంట తీసుకువెళ్ళేవారు. ప్రయోగాన్ని ముందుగా తన శరీరంపై చేసుకునే అలవాటు కుమారునికీ సంక్రమించింది. 1939లో థెటిస్ అనే బ్రిటిష్ జలాంతర్గామి మునిగి 99 మంది మరణించిన అనంతరం, బొగ్గుపులుసు వాయువు మనిషిపై చూపే ప్రభావాన్ని హాల్డేన్ తన శరీరంపైనే పరీక్షించుకున్నారు. ఆశ్చర్యమేమంటే, విజ్ఞానశాస్త్రంలో ఆయనకు పట్టం లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివినది గణితం, గ్రీకు, లాటిన్ సాహిత్యాలు, తత్త్వశాస్త్రం. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేసి, మెసపొటేమియాలో గాయపడి, చికిత్స, విశ్రాంతుల నిమిత్తం తొలిసారి భారతదేశానికి వచ్చారు.

1924 నుండి పదేళ్ళపాటు ప్రకృతి వరణానికి గణిత సూత్రాలను సమకూరుస్తూ ఆయన వెలువరించిన వ్యాస పరంపర, రోనాల్డ్ ఫిషర్, సీవల్ రైట్‌ల కృషితో కలిసి జనాభా జన్యుశాస్త్రానికి పునాది వేసింది. మాంచెస్టర్ పరిసరాలలో పొగచూరిన చెట్లపై నల్లని రకం చిమ్మటలు సుమారు యాభై ఏళ్ళలోనే తెల్లని రకాన్ని అధిగమించాలంటే, వాటికి సంతానంలో దాదాపు సగం మేర ఆధిక్యం ఉండి తీరాలని ఆయన లెక్కగట్టారు. మూడు దశాబ్దాల తర్వాత క్షేత్ర పరిశీలనలు ఆ అంచనాను బలపరిచాయి. 1935లో హీమోఫీలియా జన్యువులో ఉత్పరివర్తన రేటును తరానికి సుమారు 50,000లో ఒకటిగా అంచనా వేశారు. మానవ జన్యువు విషయంలో వెలువడిన తొలి అంచనాలలో అది ఒకటి.

గప్పీ చేపల పాఠం

1933లో హాల్డేన్ లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఆచార్యులుగా చేరారు. ఆయన విభాగంలో పనిచేసిన హెలెన్ స్పర్వే, 1945లో ఆయనకు సహధర్మచారిణి అయ్యారు. ఆమె పరిశోధన సాగించిన జీవులలో గప్పీ చేప ఒకటి. దోమల లార్వాలను తింటుందని మలేరియా విభాగాల వారు గుంటలలో, బావులలో వదిలే చిన్న చేప ఇదే. ఆడ గప్పీలు చూడటానికి ఒకే తీరుగా ఉంటాయి. మగవి మాత్రం ఒక్కొక్కటి ఒక్కో రకం చుక్కలు, రంగులతో కనిపిస్తాయి. ఆ చుక్కలలో కొన్ని తండ్రి నుండి కొడుకుకు మాత్రమే సంక్రమిస్తాయని 1920లో డెన్మార్క్ శాస్త్రవేత్త యోహానెస్ ష్మిట్ నిరూపించారు. వై క్రోమోజోము ద్వారా ఒక లక్షణం వంశపారంపర్యంగా దిగివస్తుందనడానికి అది తొలి దృష్టాంతం. ఒకే గుంటలో, ఒకే జాతిలో ఇంతటి వైవిధ్యం ఎందుకు నిలిచి ఉంటుందన్నది జనాభా జన్యుశాస్త్రం ఎదుట నిలిచిన ప్రధాన ప్రశ్న.

మగ చేపతో కలవకుండా వేరుగా పెంచిన ఆడ గప్పీలు కూడా కొన్ని పిల్లలను పెట్టడాన్ని స్పర్వే గమనించి 1953లో ప్రకటించారు. ఈ విషయం మనుషులకూ వర్తిస్తుందా అన్న చర్చ 1955లో బ్రిటిష్ పత్రికలకు ఎక్కి పెద్ద సంచలనం రేపింది. 1957లో ఆమె తన చేపలలో కొన్ని ద్విలింగ జీవులై స్వయం ఫలదీకరణ జరుపుకున్నాయని మరొక వివరణ వెలువరించారు. సంచలనానికి దక్కిన ప్రచారం వివరణకు దక్కలేదు.

భారతదేశంలో

1957లో హాల్డేన్ దంపతులు లండన్ విడిచి కలకత్తాలోని భారత గణాంక సంస్థలో ప్రొఫెసర్ మహలనోబిస్ ఆహ్వానంపై చేరారు. సూయజ్ కాలువపై బ్రిటన్ జరిపిన దాడికి నిరసనగా దేశం వీడుతున్నట్లు హాల్డేన్ ప్రకటించారు. శాస్త్రపరమైన ఆకర్షణ కూడా తక్కువది కాదు. ఖరీదైన యంత్రాలు లేకుండానే లెక్కింపు, ఓర్పులతో ప్రపంచస్థాయి పరిశోధన చేయడానికి భారతదేశపు ప్రకృతి వైవిధ్యం చాలునని ఆయన విశ్వసించారు. ఆయన ప్రోత్సాహంతో ఎస్.కె. రాయ్ పారిజాతం పూల రేకులను లెక్కించారు. టి.ఎ. డేవిస్ కొబ్బరి చెట్ల ఆకులు ఎడమకు తిరిగినవా, కుడికి తిరిగినవా అని పరిశీలించి, ఆ లక్షణం వంశపారంపర్యం కాదని తేల్చారు. ధోవతి, కుర్తా ధరించి, శాకాహారిగా మారిన హాల్డేన్, జీవులను చంపకుండా పరిశోధించడం ఈ దేశానికి తగిన మార్గమని భావించారు. 1961లో భారత పౌరసత్వం స్వీకరించారు.

పిఠాపురంలో జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యులలో ముఖ్యులు. సీతాకోకచిలుకలు ఏ రంగు పూలపై వాలుతాయో గమనించడంతో ఆరంభించి, ఆయన మానవ జన్యుశాస్త్రం వైపు మళ్ళారు. పురుషుల చెవులపై వెంట్రుకలు పెరిగే లక్షణం తండ్రి నుండి కొడుకుకు సంక్రమించే తీరును ఆంధ్ర కుటుంబాల వంశవృక్షాల సాయంతో 1960లో వివరించారు. గప్పీ చుక్కల వలెనే ఇదీ వై క్రోమోజోము లక్షణమని అప్పట్లో భావించారు. అయితే 2004లో ప్రచురితమైన అణుస్థాయి పరిశీలన దానిని ధ్రువీకరించలేదు.

అంతకన్నా దూరదృష్టి గల కృషి మేనరికాలపై జరిగింది. ప్రతి మనిషిలోనూ హాని కలిగించగల అంతర్గత జన్యువులు కొన్ని దాగి ఉంటాయి. అటువంటి జన్యువు తల్లి నుండీ తండ్రి నుండీ కూడా వచ్చినప్పుడే వ్యాధి బయటపడుతుంది. మేనమామ, మేనకోడలు దంపతులైతే, వారి బిడ్డలో ఏదైనా ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుని నుండి వచ్చే అవకాశం 8లో ఒకటి. మేనత్త, మేనమామ బిడ్డల మధ్య వివాహమైతే అది 16లో ఒకటి. ఐరోపాలో అరుదైన ఈ సంబంధాలు తెలుగునాట తరతరాలుగా సాధారణం. ద్రోణంరాజు, వైద్యుడు పి. మీరాఖాన్ కలిసి ఆంధ్రప్రదేశ్‌లో రక్తసంబంధ వివాహాల విస్తృతిని, ఫలితాలను పరిశీలించి 1960 నుండి వరుసగా ప్రచురించారు.

ఈ సమస్యను హాల్డేన్ ఆచారాన్ని నిందించే దృష్టితో గాక గణిత దృష్టితో చూశారు. దగ్గరి బంధువుల వివాహాలు తగ్గిన సమాజంలో హానికర జన్యువులు కనిపించకుండా క్రమంగా పేరుకుంటాయని 1940లోనే ఆయన చూపారు. ఆ తర్కం ప్రకారం, శతాబ్దాలుగా మేనరికం పాటించిన సమాజంలో వాటిలో కొంత భాగం తొలగిపోయి ఉండవచ్చు. కనుక ఐరోపా అంకెలను ఇక్కడికి అరువు తెచ్చుకోలేము. ఇక్కడి ఇళ్ళలోనే లెక్క తీయవలసి ఉన్నది. దీనర్థం మేనరికం నిరపాయకరమని కాదు. ఒక్కొక్క దంపతుల బిడ్డకు ఉండే ముప్పు, సమాజం మొత్తానికి ఉండే ముప్పు వేర్వేరు లెక్కలని మాత్రమే. పత్రికలలో నేటికీ ఈ రెండూ కలగాపులగం అవుతుంటాయి.

మరొక చిక్కు కూడా ఉన్నది. బంధువులు కాని వారిని పెళ్ళాడినా, ఒకే సామాజిక వర్గంలో తరతరాలుగా వివాహాలు జరిగితే, మూలపురుషులు కొద్దిమందే అయిన పక్షంలో అవే జన్యువులు మళ్ళీ మళ్ళీ కలుస్తాయి. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న 2017 నాటి అధ్యయనం దక్షిణాసియాలోని 263 వర్గాలను పరిశీలించి, 81 వర్గాలలో ఈ ప్రభావం ఫిన్లాండ్ ప్రజలలో కన్నా, అష్కెనాజీ యూదులలో కన్నా తీవ్రమని తేల్చింది. వాటిలో 14 వర్గాల జనాభా పది లక్షలకు పైబడినది. వైశ్యులలో కొందరికి మత్తుమందుతో పాటు ఇచ్చే కండరాల సడలింపు ఔషధం పడకపోవడానికి కారణమైన ఎంజైము లోపం దీనికి ఉదాహరణ. ముందుగా తెలిస్తే వైద్యుడు వేరొక ఔషధం వాడగలడు.

జాతిశుద్ధి పేరిట బలవంతపు శస్త్రచికిత్సలను సమర్థించే వారిని హాల్డేన్ 1930లలో ఎదిరించినదీ ఈ గణితంతోనే. 10,000 మందిలో ఒకరికి ఒక అంతర్గత వ్యాధి ఉన్నదనుకుంటే, ఆ జన్యువును దాచుకున్న ఆరోగ్యవంతులు అదే 10,000 మందిలో దాదాపు 200 మంది. ఆ ఒక్కరిని సంతానవిహీనుని చేసినా జన్యువు తగ్గేది అత్యల్పం. పైగా ఉత్పరివర్తన దానిని మళ్ళీ పుట్టిస్తూనే ఉంటుంది. 1949లో ఆయన మరొక అడుగు ముందుకు వేసి, తలసేమియా జన్యువు ఒక్క ప్రతి గల వారికి మలేరియా నుండి రక్షణ లభిస్తూ ఉండవచ్చని ప్రతిపాదించారు. 1954లో ఆంథనీ ఆలిసన్ ఆఫ్రికాలో సికిల్ సెల్ విషయంలో ఇదే సూత్రాన్ని నిరూపించారు. మన ఏజెన్సీ గిరిజన ప్రాంతాలలో సికిల్ సెల్ కనిపించడానికి మూలం ఇందులోనే ఉన్నది.

హాల్డేన్ జీవితంలో మచ్చ లేకపోలేదు. కమ్యూనిస్టు పార్టీ సభ్యుడైన ఆయన, సోవియట్ యూనియన్‌లో లైసెంకో వర్గం జన్యుశాస్త్రాన్ని అణచివేసినప్పుడు బహిరంగంగా ఖండించడానికి చాలా కాలం తటపటాయించారు. 1928లో తనను ఆ దేశానికి ఆహ్వానించిన నికొలాయ్ వావిలోవ్, పంటల వైవిధ్యాన్ని ప్రపంచమంతటి నుండి సేకరించిన మహనీయుడు, 1943లో చెరసాలలో మరణించారు. 1950 నాటికి హాల్డేన్ పార్టీకి దూరమైనప్పటికీ, ఆ మౌనాన్ని ఆయన అభిమానులు సైతం సమర్థించలేకపోయారు.

కలకత్తా సంస్థ యాజమాన్యంతో అభిప్రాయ భేదాల వల్ల 1961లో వైదొలగిన హాల్డేన్‌కు, బిజూ పట్నాయక్ ముఖ్యమంత్రిగా ఉన్న ఒడిశా ప్రభుత్వం 1962లో భువనేశ్వర్‌లో జన్యు, జీవగణిత ప్రయోగశాలను ఏర్పాటు చేసింది. అక్కడ ఆయనకు దక్కినది రెండేళ్ళ వ్యవధి మాత్రమే. 1964 ఆరంభంలో లండన్‌లో పెద్దప్రేగు క్యాన్సర్‌కు శస్త్రచికిత్స జరిగింది. ఆసుపత్రి మంచంపై ఉండగానే తన వ్యాధిపై హాస్య కవిత రాసి ప్రచురించారు. లక్షణాలను దాచక సకాలంలో వైద్యుని సంప్రదించాలన్నది దాని సారాంశం.

ఆయన తమతో భారతదేశానికి తెచ్చిన జర్నల్ ఆఫ్ జెనెటిక్స్ పత్రికను హెలెన్ స్పర్వే కొనసాగించారు. తదుపరి హైదరాబాదులో స్థిరపడిన ఆమె 1978లో అక్కడే మరణించారు. కొంత కాలం ఆగిపోయిన ఆ పత్రికను 1985లో బెంగుళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ పునరుద్ధరించింది. ద్రోణంరాజు కృష్ణారావు అమెరికాలో స్థిరపడి, గురువు జీవితంపై పలు గ్రంథాలు వెలువరించి, 2020లో మరణించారు.