బాస్కెట్‌బాల్ మాస్టారు ఛాంపియన్‌షిప్ చూడటానికి వెళ్లారు



మీ బంధువుల్లో ఎవరో ఒకరి పిల్లలు అమెరికాలో చదువుకుంటూ ఉండే ఉంటారు. ఈసారి మార్చి నెలలో వాళ్లతో మాట్లాడినప్పుడు కాలేజీ బాస్కెట్‌బాల్ గురించి అడిగి చూడండి. ఆ నెలలో అబ్బాయిల విభాగంలో 68 కాలేజీ జట్లు పోటీకి దిగుతాయి. ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే. చివరికి మిగిలిన నాలుగు జట్లు ఒకే ఊరికి చేరతాయి. శనివారం రెండు సెమీఫైనల్స్, సోమవారం రాత్రి ఫైనల్. తమ జట్టు రంగు చొక్కాలు వేసుకున్న అభిమానులు కార్లలో, విమానాల్లో అక్కడికి తరలివస్తారు. 2022లో న్యూ ఆర్లీన్స్‌లో జరిగిన ఫైనల్‌ను స్టేడియంలో కూర్చుని చూసినవాళ్లే 69 వేల మందికి పైగా ఉన్నారు. హాఫ్ టైమ్‌కి 15 పాయింట్లు వెనకబడిన కాన్సాస్ యూనివర్సిటీ జట్టు ఆ రాత్రి 72-69తో నార్త్ కరోలినాను ఓడించి కప్పు గెలిచింది.

ఇంత పేరున్న కాన్సాస్ జట్టు చరిత్రలో గెలుపుల కంటే ఓటములు ఎక్కువ ఉన్న కోచ్ ఒకే ఒక్కరు. ఆ జట్టు ఆడే కోర్టుకు పెట్టింది మాత్రం ఆయన పేరే. ఆయన డాక్టర్ జేమ్స్ నైస్మిత్. బాస్కెట్‌బాల్‌ను కనిపెట్టిన మాస్టారు. ఆయన కూడా ఒకసారి, 74 ఏళ్ల వయసులో, సముద్రం దాటి ఒక ఛాంపియన్‌షిప్ చూడటానికి వెళ్లారు. ఆ ప్రయాణం గురించి, అక్కడిదాకా నడిచిన ఆయన జీవితం గురించి ఈ నెల మీకు చెబుతున్నాం.

చదువు మధ్యలో ఆగిన కుర్రాడు

నైస్మిత్ 1861 నవంబరు 6న కెనడాలోని ఆంటారియోలో, ఆల్మాంట్ అనే ఊరి దగ్గర పుట్టారు. స్కాట్లాండ్ నుంచి వలస వచ్చిన కుటుంబం వాళ్లది. 1870లో టైఫాయిడ్ సోకి తండ్రి, కొద్ది వారాల తేడాతో తల్లి కన్నుమూశారు. అప్పటికి జేమ్స్‌కు తొమ్మిదేళ్ల ప్రాయం. తర్వాత మేనమామ ఇంట్లో పెరిగారు. పొలం పనుల్లో చురుకైనవాడు. చదువులో మాత్రం అంతంతమాత్రమే. హైస్కూల్ మధ్యలో బడి మానేసి, కొన్నేళ్లు అడవుల్లో కలప కొట్టే పనికి వెళ్లారు.

మళ్లీ బడిలో చేరేనాటికి ఆయన తోటి విద్యార్థుల కంటే చాలా పెద్దవాడు. అయినా సిగ్గుపడకుండా చదువు పూర్తి చేసి, 1883లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీలో అడుగుపెట్టారు. మీ అబ్బాయో అమ్మాయో ఒక ఏడాది వెనకబడితే జీవితమే వెనకబడిపోయిందని మీకు అనిపించినప్పుడు ఈ సంగతి గుర్తు చేసుకోండి. ఆయన అక్కడ డిగ్రీ తీసుకున్నారు, ఆ తర్వాత చర్చిలో సేవ చేయడానికి కావలసిన చదువూ చదివారు. పిల్లలను మంచి దారిలో పెట్టడానికి ఆటస్థలం కూడా ప్రార్థనా మందిరమంత పనికొస్తుందని నమ్మి, చివరికి వ్యాయామ ఉపాధ్యాయుడయ్యారు.

14 రోజుల గడువు

1891 చలికాలం. అమెరికాలోని మాసచూసెట్స్ రాష్ట్రం, స్ప్రింగ్‌ఫీల్డ్ ఊరు. అక్కడి వైఎంసీఏ శిక్షణ కళాశాలలో నైస్మిత్ పాఠాలు చెబుతున్నారు. బయట మంచు. లోపల వ్యాయామశాలలో 18 మంది యువకుల తరగతి. రోజూ అవే డ్రిల్లు, అవే కసరత్తులు చేయలేక వాళ్లు విసిగిపోయి ఉన్నారు. అప్పటికే ఇద్దరు అధ్యాపకులు ఆ తరగతితో వేగలేక వదిలేశారు. విభాగం పెద్ద లూథర్ గులిక్ ఆ తరగతిని నైస్మిత్‌కు అప్పగించి, గదిలో ఆడుకోగలిగే కొత్త ఆటను 14 రోజుల్లో తయారు చేయమన్నారు.

నైస్మిత్ ముందు తెలిసిన ఆటలనే లోపల ఆడించి చూశారు. రగ్బీలాంటి ఫుట్‌బాల్, సాకర్, లక్రాస్ ఒక్కొక్కటిగా ప్రయత్నించారు. ఆ ఇరుకులో కుర్రాళ్లకు దెబ్బలు తగిలాయి. అక్కడే ఆయన అసలు ప్రశ్న వేసుకున్నారు. దెబ్బలు ఎందుకు తగులుతున్నాయి? బంతి పట్టుకుని పరిగెత్తేవాడిని ఆపాలంటే మీద పడాలి కాబట్టి. అలాగైతే బంతితో పరిగెత్తడమే వద్దంటే సరి. మరి గోల్‌లోకి బంతిని బలంగా కొడితే? గోల్‌ను తల కంటే ఎత్తులో పెడితే బలం పనిచేయదు, గురి కావాలి.

ఈ చివరి ఆలోచన చిన్ననాటి ఆట నుంచి వచ్చింది. మన ఏడు పెంకులాటలో పేర్చిన పెంకులను కొట్టినట్టు, వాళ్ల ఊళ్లో బండ మీద పెట్టిన రాయిని మరో రాయితో కొట్టి పడేసే ఆట ఉండేది. గట్టిగా విసిరితే మన రాయి దూరం పోతుంది, తెచ్చుకునేలోపు దొరికిపోతాం. పైకి ఎగరేసి మెల్లగా వేసినవాడిదే తెలివి. చదువులో వెనకబడిన కుర్రాడు వీధిలో నేర్చుకున్న ఆ పాఠమే ఇరవై ఏళ్ల తర్వాత అక్కరకొచ్చింది.

ఆయన చతురస్రాకారపు పెట్టెలు అడిగితే, భవనం బాగోగులు చూసే ఉద్యోగి పీచ్ పళ్ల బుట్టలు రెండు తెచ్చిచ్చాడు. వాటిని బాల్కనీ అంచుకు, నేల నుంచి 10 అడుగుల ఎత్తులో కొట్టారు. నేటికీ ఆ ఎత్తు మారలేదు. 13 నియమాలు రాసి గోడకు అంటించారు. 1891 డిసెంబరు 21న తొమ్మిదేసి మంది రెండు జట్లుగా ఆడారు. ఆ ఆటలో బుట్టలో పడిన బంతి ఒక్కటే. స్కోరు 1-0. విద్యార్థి ఒకరు ఆటకు మాస్టారి పేరే పెడదామంటే ఆయన నవ్వి వద్దన్నారు. బుట్ట ఉంది, బంతి ఉంది కాబట్టి బాస్కెట్‌బాల్ అన్నారు.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. ఈ ఆట మొదటి నుంచీ వాళ్లది కూడా. పుట్టిన కొన్ని వారాలకే దగ్గర్లోని బడి టీచరమ్మలు ఆడటం మొదలుపెట్టారు. వారిలో ఒకరైన మాడ్ షెర్మన్‌ను నైస్మిత్ 1894లో పెళ్లి చేసుకున్నారు. 1893 నాటికే సెండా బెరెన్సన్ అనే ఉపాధ్యాయిని స్మిత్ కాలేజీ అమ్మాయిల చేత మ్యాచ్ ఆడించారు.

ఓడిన కోచ్

నైస్మిత్ తర్వాత డెన్వర్ వెళ్లి వైద్యం చదివి, 1898లో డాక్టర్ పట్టా అందుకున్నారు. అదే ఏడు కాన్సాస్ యూనివర్సిటీలో వ్యాయామ విద్యకు, ప్రార్థనా మందిరానికి బాధ్యుడిగా చేరారు. జట్టు ఆడిన మొదటి మ్యాచే 16-5తో ఓడింది. తొమ్మిది సీజన్లలో 55 గెలుపులు, 60 ఓటములు. ఆయనకు అది పెద్ద విషయంగా తోచలేదు. ఆట అంటే ఆడుకోవడానికే, దానికి కోచ్ ఎందుకు అన్నది ఆయన ధోరణి. విద్యార్థుల ఆరోగ్యం, నడవడి ఆయనకు స్కోరు కంటే ముఖ్యం.

మరి ఆయన పని ఎక్కడ కనబడుతుంది? శిష్యుల్లో. ఆయన దగ్గర ఆడిన ఫాగ్ అలెన్ ఆ తర్వాత కాన్సాస్ కోచ్ అయి, 1952లో జాతీయ ఛాంపియన్‌షిప్ గెలిపించారు. ఆ జట్టులో ఉన్న డీన్ స్మిత్ నార్త్ కరోలినా కోచ్ అయి మైకేల్ జోర్డాన్‌ను తీర్చిదిద్దారు. 2022 ఫైనల్లో తలపడిన రెండు కాలేజీలకూ మూలం ఒక్క మాస్టారే అన్నమాట.

జాన్ మెక్‌లెండన్ అనే నల్లజాతి విద్యార్థి కథ కూడా మీకు తెలియాలి. 1930లలో అతను కాన్సాస్‌లో చదివాడు. నల్లవాళ్లకు యూనివర్సిటీ జట్టులో చోటు లేని రోజులవి. నైస్మిత్ అతనికి అండగా నిలిచి ఆటలోని లోతుపాతులు నేర్పారు. కాన్సాస్ జట్టు తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడే అవకాశం రాని మెక్‌లెండన్ తర్వాత గొప్ప కోచ్ అయ్యాడు. టెనెసీ స్టేట్ జట్టును 1957 నుంచి వరుసగా మూడేళ్లు జాతీయ విజేతగా నిలిపాడు.

బెర్లిన్ ప్రయాణం

1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్‌కు మొదటిసారి పతకాల పోటీగా చోటు దొరికింది. ఆటను కనిపెట్టిన పెద్దాయన చూడకపోతే ఎలా? ఆయనకు ఆ ఆట మీద పేటెంట్ లేదు, దాని వల్ల కూడబెట్టిన ఆస్తీ లేదు. అందుకని అమెరికాలోని కోచ్‌ల సంఘం పూనుకుని, దేశమంతా జరిగే బాస్కెట్‌బాల్ మ్యాచ్‌ల నుంచి చిన్న చిన్న మొత్తాలు పోగుచేసి ప్రయాణ ఖర్చులు సమకూర్చింది. ముక్కూ మొహం తెలియని పిల్లలు కొన్న టికెట్ల డబ్బుతో ఒక మాస్టారు ఓడ ఎక్కారు.

అక్కడ 21 దేశాల జట్లు ఆడాయి. ఆసియా నుంచి జపాన్, చైనా, ఫిలిప్పీన్స్ కూడా వచ్చాయి. 18 మంది అల్లరి కుర్రాళ్లను కుదురుగా ఉంచడానికి పుట్టిన ఆట 45 ఏళ్లలో అంత దూరం పోయింది.

ఆగస్టు 14న ఫైనల్. ఆయన పుట్టిన కెనడా ఒకవైపు, 1925లో ఆయన పౌరసత్వం తీసుకున్న అమెరికా మరోవైపు. మ్యాచ్ పెట్టింది ఆరుబయట, మట్టి టెన్నిస్ కోర్టు మీద. వర్షం కురిసి కోర్టంతా బురద. బంతి నేలకు కొడితే పైకి లేవదు. ఆటగాళ్లు జారుతూ, ఒకరికొకరు అందించుకుంటూ ఆడారు. చివరికి అమెరికా 19, కెనడా 8. నైస్మిత్ తన చేతులతో విజేతలకు పతకాలు అందించారు. స్వర్ణం అమెరికాకు, రజతం కెనడాకు, కాంస్యం మెక్సికోకు. ఆ రోజు ఆయన ఎవరి పక్షం అని అడగడానికి లేదు. రెండు జట్లూ ఆడింది ఆయన ఆటే.

1939 మార్చి 27న ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఇవాన్‌స్టన్‌లో మొదటి జాతీయ కాలేజీ ఛాంపియన్‌షిప్ ఫైనల్ జరిగింది. పోటీలో పాల్గొన్నవి 8 జట్లే. ఒరెగాన్ 46-33తో ఒహైయో స్టేట్‌ను ఓడించింది. నిర్వహించిన కోచ్‌ల సంఘానికి నష్టమే మిగిలింది. నేడు డెబ్భై వేల మందిని ఒక్కచోటికి రప్పిస్తున్న పండుగ అలా మొదలైంది. అదే ఏడు నవంబరు 28న నైస్మిత్ కాన్సాస్‌లోని లారెన్స్‌లో కన్నుమూశారు. ఆయన గోడకు అంటించిన ఆ 13 నియమాల కాగితాలు 2010లో వేలానికి వస్తే 43 లక్షల డాలర్లు పలికాయి. ఇప్పుడవి కాన్సాస్ యూనివర్సిటీలోనే ఉన్నాయి.

మన ఇంటికి, మన బడికి

ఈ కథలో మన ప్రాంతానికీ ఒక దారి ఉంది. నైస్మిత్ పాఠాలు చెప్పిన స్ప్రింగ్‌ఫీల్డ్ కళాశాలలోనే చదివిన హ్యారీ బక్, 1920లో మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల స్థాపించారు. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలో భాగం. మీ తాతల నాటి బడిలో విజిల్ పట్టుకుని నిలబడిన డ్రిల్ మాస్టారి వెనక అలాంటి పరంపర ఉంది.

పరీక్షలు దగ్గరపడగానే గేమ్స్ పీరియడ్‌ను స్టడీ అవర్‌గా మార్చమని కొందరు తల్లిదండ్రులు అడుగుతుంటారు. కష్టపడి ఫీజు కడుతున్నవారికి ఆ ఆరాటం సహజమే. అయితే ఆ 18 మంది తరగతిని ఒకసారి తలచుకోండి. వాళ్లకు కసరత్తు తక్కువై విసుగు రాలేదు, ఆట లేక వచ్చింది. నైస్మిత్ కుర్రాళ్లను తప్పుపట్టకుండా టైమ్‌టేబుల్‌ను మార్చారు. రోజంతా కుర్చీలో కూర్చుని సాయంత్రానికి చిరాకు పడే పిల్లల విషయంలో మనం కూడా ముందు అదే చూడాలి.

ఈ నెల మీరు చేయగలిగినవి రెండు పనులు. పిల్లలు మ్యాచ్ ఆడి ఇంటికి రాగానే గెలిచారా అని అడిగే ముందు, బంతి ఎవరికి అందించావు, నీకు ఎవరు అందించారు అని అడగండి. తర్వాతి పేరెంట్ టీచర్ మీటింగ్‌కు వచ్చినప్పుడు మ్యాథ్స్, సైన్స్ టీచర్ల దగ్గర ఆగినట్టే పీఈటీ సార్ దగ్గర, మేడమ్ దగ్గర కూడా ఒక ఐదు నిమిషాలు ఆగండి. మార్కుల షీట్‌లో కనబడని మీ పిల్లల సంగతులు వారికి చాలా తెలుసు.