ఉన్న వాద్యముతోనే

వానకాలపు చెమ్మకు సడలిన డప్పు మంట దగ్గర కాచనిదే సరిగా పలుకదని మన టైడా కొండలలోని వారికి వేరుగా చెప్పనక్కరలేదు. ప్రతి వాద్యమునకు దాని స్వభావము దానికున్నది. ఆ స్వభావము నెరిగి సంగీతము కూర్చిన బీథోవెన్ జీవితమును ఈ నెల తలంచుకొందము.

అతడు జర్మనీలోని బాన్ పట్టణమున పుట్టి, 1770 డిసెంబరు 17న బాప్తిస్మము పొందెను. 1792లో వియన్నా నగరము చేరి, పియానో వాయించుటలో గొప్ప పేరు తెచ్చుకొనెను. మన హార్మోనియము గాలితో పలుకును. పియానోలోనైతే మెట్టు నొక్కగా లోపలి చిన్న సుత్తి తీగెను కొట్టును. వియన్నా పియానోల మెట్లు తేలిక, నాదము స్పష్టము. అయితే నాడు వాటికి సాధారణముగా 61 మెట్లే యుండెను.

ఇంతలో అతని వినికిడి తగ్గసాగెను. 1802లో హైలిగెన్‌స్టాట్ అను గ్రామమున నుండి తమ్ములకు ఉత్తరము వ్రాసెను గాని పంపలేదు. చావు తలంపు వచ్చినను తన కళయే తన్ను ఆపినదని అందులో తెలిపెను.

మరుసటి యేట పారిస్ నుండి ఎరార్ వారి పియానో వచ్చెను. దానికి 68 మెట్లు. మెట్లు బరువని అతడు వియన్నా పనివారిచేత వాటిని తేలిక చేయించెను. అయినను దాని బలమును వదలుకొనలేదు. అటుపిమ్మట కూర్చిన అపాషనాటా సొనాటాలో దాని చివరి పై మెట్టు వరకు వెళ్లెను.

1817 చివరను లండను నుండి బ్రాడ్‌వుడ్ కంపెనీ వారు నిండైన నాదముగల పియానోను కానుకగా పంపగా, అది ఓడమీదను బండిమీదను ప్రయాణము చేసి 1818లో అతని యిల్లు చేరెను. అప్పటికి అతడు దాదాపు చెవిటివాడు. వచ్చినవారు తమ మాటలను పుస్తకములో వ్రాసి చూపుచుండిరి. అయినను ఆ సంవత్సరమే ముగించిన 106వ కృతి కడపటి భాగములో, ఆ పియానోకున్న క్రింది మెట్లను వాడుకొనెను. 1820 మొదలు 1822 వరకు మరి మూడు సొనాటాలు వ్రాసి, మొత్తము 32 పూర్తిచేసెను.

కడపట వియన్నాలోని గ్రాఫ్, చాలా స్వరములకు నాలుగేసి తీగెలు గల పియానోను అతనికి వాడుకొనుటకు ఎరువిచ్చెను. 1827 మార్చి 26న అతడు మరణించెను.

అతనికి పూర్తిగా నచ్చిన పియానో దొరకలేదు. మంచిది దొరకునాటికి చెవి లేదు. అయినను ఒక్కొక్క దానికి ఏమి గలదో చూచి, దానినే పాటగా మార్చెను. ఎలీషా ఆ విధవరాలిని ఆమె యింట లేనిదానిని గూర్చి కాక, ఉన్నదానిని గూర్చి అడిగెను గదా! మన హార్మోనియము పాతదనియు, గొంతు బొంగురనియు పాట మానుకొనక, ఉన్నదానితోనే ఆరంభింతము.