పల్లె వైద్యుడు చెహోవ్

వైద్యుణ్ణి సాక్షాత్తు నారాయణునిగా భావించటం మన సంప్రదాయం. అటువంటి గౌరవానికి పాత్రులైన వైద్యులు అన్ని దేశాలలోనూ ఉన్నారు. వారిలో రష్యా దేశానికి చెందిన ఆంటన్ చెహోవ్ ఒకడు. ఆయన కథలు, నాటకాలు తెలుగుతో సహా అనేక భాషలలోకి అనువదింపబడ్డాయి. అయితే ఆ మహారచయిత ఒక పల్లెలో పేద రైతులకు ఏళ్ల తరబడి ఉచితంగా వైద్యం చేశాడన్న సంగతి కొద్దిమందికే తెలుసు.

చెహోవ్ 1860లో దక్షిణ రష్యాలోని తగన్రోగ్ పట్టణంలో జన్మించాడు. ఆయన తాత భూస్వామి వద్ద బానిసవలె బ్రతికి, పైసా పైసా కూడబెట్టి తన కుటుంబానికి స్వేచ్ఛను కొనుక్కున్నవాడు. తండ్రి చిన్న దుకాణం నడిపేవాడు. 1876లో వ్యాపారం దివాలా తీయటంతో కుటుంబం మాస్కో నగరానికి తరలిపోయింది. పదహారేళ్ల ఆంటన్ ఒంటరిగా సొంత ఊరిలోనే ఉండి, పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ చదువు పూర్తిచేశాడు. 1879లో మాస్కో విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యార్థిగా చేరాడు. హాస్యకథలు వ్రాసి, వచ్చిన పారితోషికంతో కుటుంబాన్ని పోషిస్తూనే 1884లో వైద్యపట్టా పొందాడు.

1892లో చెహోవ్ మాస్కోకు దక్షిణాన సుమారు డెబ్బై కిలోమీటర్ల దూరంలో ఉన్న మెలిఖొవో గ్రామంలో స్థిరపడ్డాడు. వైద్యుడు వచ్చాడన్న వార్త చుట్టుపక్కల పల్లెలకు వ్యాపించింది. తెల్లవారేసరికే ఆయన ఇంటిముందు రోగులు బారులు తీరేవారు. కదలలేని రోగులను దూరగ్రామాల నుండి బండ్లలో తీసుకువచ్చేవారు. చెల్లెలు మరియా ఆయనకు సహాయపడేది. చెహోవ్ రోగుల నుండి రుసుము ఆశించలేదు. మందులు కూడా తానే ఇచ్చేవాడు. అర్ధరాత్రి పిలుపు వచ్చినా బురదదారుల వెంట బయలుదేరేవాడు.

ఆ సంవత్సరమే రష్యాలో కలరా విజృంభించింది. ఆ రోగానికి నాడు నమ్మదగిన చికిత్స లేదు. వైద్యులే ప్రజలకు విషం పెడుతున్నారన్న వదంతులు పుట్టి, వోల్గా నదీతీర పట్టణాలలో వైద్యులపై దాడులు జరిగాయి. అటువంటి సమయంలో చెహోవ్ స్థానిక పాలనా సంస్థ కోరిక మేరకు, జీతం తీసుకోకుండా, కలరా నివారణ బాధ్యతను స్వీకరించాడు. ఇరవై అయిదు గ్రామాలు, నాలుగు కర్మాగారాలు, ఒక మఠం ఆయన పరిధిలో ఉండేవి. రోగులను వేరుగా ఉంచేందుకు కావలసిన వసతుల కోసం ధనికుల ఇండ్లకు వెళ్లి అర్థించాడు. ఊరూరా తిరిగి జాగ్రత్తలు బోధించాడు. రచనకు తీరిక లేకపోయింది, ఆదాయమూ తగ్గింది.

కలరా పొరుగు ప్రాంతాల దాకా వచ్చినా, ఆయన పరిధిలోని పల్లెలలో ప్రబలలేదు. రాని ఆపద కోసం పడిన శ్రమను లోకం లెక్కలోకి తీసుకోదు. కాని, రోగం వచ్చిన తరువాత పరుగెత్తటం కంటె రాకమునుపే కాపలా కాయటం గొప్ప వైద్యం. పైగా ఆ నెలలలో ఇతర వ్యాధులతో వచ్చిన వందలాది రోగులు ఆయన చేతి చికిత్స పొందారు.

ఇందరికి ఆరోగ్యం పంచిన చెహోవ్‌ను క్షయవ్యాధి లోలోపల తినివేస్తూ ఉండేది. 1884లోనే ఆయనకు దగ్గుతోపాటు రక్తం పడింది. 1889లో సోదరుడు నికొలాయ్ అదే వ్యాధితో మరణించాడు. ఆ లక్షణాల అర్థం వైద్యుడైన ఆయనకు తెలియనిది కాదు. అయినా తనను పరీక్షించే అవకాశం ఇతర వైద్యులకు ఇవ్వలేదు. ఇతరుల రోగాన్ని తొలిదశలోనే గుర్తించిన ఆ వైద్యుడు తన రోగాన్ని మాత్రం ఉపేక్షించాడు. 1897 మార్చిలో తీవ్ర రక్తస్రావంతో మాస్కోలో ఆసుపత్రి పాలైనప్పుడు గాని వ్యాధి నిర్ధారణ కాలేదు. క్షయకు మందు లేని కాలమది.

మెలిఖొవోలో ఉన్న కాలంలో చెహోవ్ పరిసర గ్రామాల పిల్లల కోసం మూడు పాఠశాలలు కట్టించాడు. రైతుల జీవితాన్ని కథలలో చిత్రించాడు. వారిని దేవతలుగా కీర్తించలేదు, మూర్ఖులుగా హేళన చేయలేదు. వారి గుడిసెలలో రోగుల పడకల ప్రక్కన కూర్చున్నవాడు గనుక, వారి దైన్యాన్నీ దాని కారణాలనూ ఉన్నవి ఉన్నట్లు చూడగలిగాడు.

అనారోగ్యం కారణంగా 1899లో ఆయన మెలిఖొవోను విడిచి, సముద్రతీరంలోని యాల్టా పట్టణానికి చేరాడు. అక్కడ కూడా పేద క్షయరోగుల ఆశ్రయం కోసం విరాళాలు సేకరించాడు. 1904 జూలైలో జర్మనీలోని బాడెన్‌వైలర్‌లో నలభై నాలుగేళ్ల వయస్సులో కన్నుమూశాడు.

చెహోవ్ కొత్త మందును కనుగొన్న శాస్త్రవేత్త కాడు. పిలిస్తే పలికే దూరంలో నిలిచిన వైద్యుడు. పేదవాని గడపలో వైద్యుని అడుగు చప్పుడే సగం ధైర్యమని ఆయన జీవితం మనకు నేర్పుతుంది. అయితే, పరులను కాపాడేవాడు తన ఆరోగ్యాన్ని కూడా కాపాడుకోవాలన్న హెచ్చరిక సైతం అందులోనే ఉంది.