వీధివారిని అడిగి నగరాన్ని దిద్దిన పాట్రిక్ గెడ్డెస్

ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో భారత నగరాలను రెండు భయాలు వెంటాడాయి. మొదటిది ప్లేగు. 1896లో బొంబాయిలో బయటపడిన ఆ మహమ్మారి ఊరి నుంచి ఊరికి పాకి లక్షల ప్రాణాలను బలిగొన్నది. రెండవది ప్లేగుకు విరుగుడుగా పాలకులు చేపట్టిన కూల్చివేత. ఇరుకు పేటలే రోగానికి మూలమని నిర్ణయించి, వాటి నడుమ నుంచి తిన్నని వెడల్పాటి రహదారులు వేయడమే నగరాభివృద్ధిగా భావించేవారు. బొంబాయిలో 1898లో ఇందుకోసం ప్రత్యేకంగా ఒక ట్రస్టునే నెలకొల్పారు. ఇల్లు కోల్పోయిన పేదవాడు దూరంగా పోలేడు. పని దొరికే చోటును వదలలేక పక్క సందులోనే తలదాచుకునేవాడు. ఒక పేట విశాలమైతే పక్క పేట మరింత ఇరుకయ్యేది.

ఆ పద్ధతి రోగాన్ని తగ్గించదని, రోగి నివాసాన్నే మాయం చేస్తుందని వాదించిన వ్యక్తి ఇంజనీరు కాదు, పాలనాధికారి కాదు. ఆయన స్కాట్లండ్‌కు చెందిన వృక్షశాస్త్రవేత్త పాట్రిక్ గెడ్డెస్. 1914 నుంచి దాదాపు పదేళ్ల కాలంలో ఆయన భారత ఉపఖండంలో సుమారు 50 పట్టణాలను పరిశీలించి నివేదికలు సమర్పించారు. ఒక వీధిని మార్చే ముందు ఆ వీధిలో నివసించేవారిని తెలుసుకోవాలన్నది వాటన్నింటి సారాంశం.

తోటలో మొదలైన చదువు

గెడ్డెస్ 1854 అక్టోబరు 2న స్కాట్లండ్‌లోని బ్యాలటర్‌లో జన్మించారు. తండ్రి సైనికోద్యోగి. కుటుంబం పెర్త్ పట్టణానికి దగ్గరలో స్థిరపడటంతో బాల్యం కొండవాలున, ఇంటి తోటలో గడిచింది. మొక్కల పెంపకంలో తొలి పాఠాలు తండ్రి వద్దనే నేర్చుకున్నారు. లండన్‌లో సుప్రసిద్ధ జీవశాస్త్రవేత్త థామస్ హెన్రీ హక్స్‌లీ వద్ద శిక్షణ పొందినప్పటికీ పరీక్షలు రాసి పట్టా పుచ్చుకోలేదు.

1879లో పరిశోధన నిమిత్తం మెక్సికో వెళ్లినప్పుడు ఆయనకు తాత్కాలికంగా చూపు పోయింది. వారాల తరబడి చీకటి గదిలో ఉండవలసి వచ్చింది. ఆ కాలంలో కిటికీ చట్రంలోని గళ్లను వేళ్లతో తడుముతూ, ఒక్కొక్క గడిలో ఒక్కొక్క భావాన్ని ఉంచి, వాటి పరస్పర సంబంధాలను ఊహించడం అలవాటు చేసుకున్నారు. చూపు తిరిగి వచ్చినా సూక్ష్మదర్శినితో దీర్ఘకాలం పనిచేయడం కష్టమైంది. దృష్టి క్రమంగా మొక్కల నుంచి మనుషుల మీదకు, మనుషులు కట్టుకున్న ఊళ్ల మీదకు మళ్లింది. ప్రాణికీ పరిసరానికీ ఉన్న సంబంధాన్ని విడదీయరాదన్న జీవశాస్త్ర సూత్రాన్ని ఆయన నగరానికి అన్వయించారు. స్థలం, అక్కడి వృత్తి, అక్కడి జనం అనే మూడింటినీ కలిపి చూడనిదే ఏ ఊరూ అర్థం కాదన్నది ఆయన నిశ్చితాభిప్రాయం.

మురికివాడలో కాపురం

1886లో అన్నా మోర్టన్‌తో వివాహమైంది. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న గెడ్డెస్ నగరంలోని కొత్త పేటలో సౌకర్యంగా ఉండగలిగేవారే. కానీ నవదంపతులు పాత పట్టణంలోని జేమ్స్ కోర్టులో కాపురం పెట్టారు. సంపన్నులు ఎన్నడో విడిచిపోయిన ఆ ఎత్తయిన పాత భవనాలలో పేద కుటుంబాలు కిక్కిరిసి ఉండేవి. గెడ్డెస్ దంపతులు ఇరుగుపొరుగును కలుపుకొని మెట్లు కడగడం, గోడలకు వెల్ల వేయడం, కిటికీలలో పూలమొక్కలు పెంచడం మొదలుపెట్టారు. శిథిలమైన భాగాన్ని మాత్రమే తొలగించి, గట్టిగా ఉన్న భాగాన్ని బాగుచేయించారు. ఖాళీ అయిన చోటును పిల్లల ఆటస్థలంగానో తోటగానో మార్చారు. విద్యార్థులకు వసతిగృహాలు ఏర్పరచి, పేదలూ చదువుకున్నవారూ ఒకే వీధిలో మెలగేలా చేశారు.

1892లో పాత పట్టణంలోని ఒక బురుజును తీసుకొని ఔట్‌లుక్ టవర్ పేరిట పౌర ప్రదర్శనశాలగా రూపొందించారు. పై అంతస్తులోని కెమెరా అబ్‌స్క్యురాలో నగరమంతా కదిలే చిత్రంగా కనిపించేది. కింది అంతస్తులలో నగరం, దేశం, యూరప్, ప్రపంచం వరుసగా దర్శనమిచ్చేవి. తన ఊరిని తాను ఎరగని పౌరుడు దాని భవిష్యత్తును నిర్ణయించడంలో పాలుపంచుకోలేడన్న ఆలోచన ఆ కట్టడానికి పునాది. 1888 నుంచి 1919 వరకు డండీ యూనివర్సిటీ కాలేజీలో వృక్షశాస్త్ర ఆచార్యునిగా కొనసాగుతూనే ఆయన ఈ పనులన్నీ సాగించారు.

మద్రాసు పిలుపు

నగరాల పుట్టుపూర్వోత్తరాలను పటాలు, చిత్రాల ద్వారా వివరించే గెడ్డెస్ ప్రదర్శన 1913లో బెల్జియంలోని గెంట్ నగరంలో ప్రశంసలందుకుంది. మద్రాసు గవర్నరు లార్డ్ పెంట్‌లాండ్ ఆయనను భారతదేశానికి ఆహ్వానించారు. 1914లో కుమారుడు అలస్‌డేర్‌తో కలిసి ఆయన బయలుదేరారు. ప్రదర్శన సామగ్రిని మోసుకొస్తున్న క్లాన్ గ్రాంట్ అనే ఓడను అక్టోబరులో జర్మన్ యుద్ధనౌక ఎమ్‌డెన్ ముంచివేసింది. ఏళ్ల కృషి సముద్రం పాలైంది. గెడ్డెస్ వెనుదిరగలేదు. స్వదేశంలోని మిత్రులు హడావుడిగా కొత్త సామగ్రి సేకరించి పంపగా, 1915 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయ సెనేట్ భవనంలో ప్రదర్శన ప్రారంభమైంది.

ఆ వెంటనే మద్రాసు రాజధానిలోని పట్టణాల పర్యటన మొదలైంది. గెడ్డెస్ పద్ధతి స్థానిక అధికారులకు వింతగా తోచేది. ఆయన కార్యాలయంలో కూర్చొని పటం మీద గీతలు గీయలేదు. తెల్లవారగానే బయలుదేరి సందుగొందులన్నీ కాలినడకన తిరిగేవారు. ఎక్కడ బావి ఉంది, ఎక్కడ చెట్టు నీడన జనం కూర్చుంటారు, ఏ గుడి ముందు పిల్లలు ఆడుకుంటారు, ఏ ఇల్లు కూలి మొండిగోడలు మిగిలాయి అన్నది గుర్తించేవారు. వైద్యుడు రోగిని పరీక్షించకుండా మందు రాయనట్లే, ఊరిని పరిశీలించకుండా ప్రణాళిక వేయరాదన్నది ఆయన నియమం.

ఈ నియమం నుంచి పుట్టినదే సంరక్షణాత్మక శస్త్రచికిత్స అన్న విధానం. తంజావూరు కోట ప్రాంతంలో ఇరుకు ఇళ్ల మధ్యగా గళ్ల పద్ధతిలో కొత్త వీధులు వేయాలన్న ప్రతిపాదన ఉండేది. అందుకు బదులుగా గెడ్డెస్ పాడుబడిన ఇళ్లను మాత్రమే తొలగించి, అలా దొరికిన జాగాలను ఉన్న సందులతో కలిపి, చెట్లు నాటి చిన్న చిన్న వాకిళ్లుగా మార్చవచ్చునని చూపారు. గాలీ వెలుతురూ వస్తాయి, ఖర్చు ఎంతో తగ్గుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, అత్యధిక కుటుంబాలు తమ గుమ్మాన్ని వదలనవసరం లేదు.

ఇదే వైఖరిని ఆయన లాహోర్‌లో, బలరామ్‌పూర్‌లో, లక్నోలో, కలకత్తాలోని బడాబజారులో కొనసాగించారు. లాహోర్ పాత పేట కోసం తయారైన పథకం గుళ్లను, మసీదులను, ధర్మశాలలను, దుకాణాలను లెక్కచేయకుండా తుడిచివేయబోతున్నదని 1917 నాటి నివేదికలో తీవ్రంగా ఆక్షేపించారు. దోమలు పెరుగుతాయన్న భయంతో చెరువులను పూడ్చడాన్ని వ్యతిరేకించారు. చేపలు, బాతులు పెంచితే దోమ గుడ్లు మిగలవని, చెరువు పోతే ఊరికి చల్లదనమూ నీరూ పోతాయని హెచ్చరించారు.

ఇందోర్ దీపావళి

గెడ్డెస్ ఆలోచన అత్యంత ప్రత్యక్షంగా కనిపించినది హోల్కర్ సంస్థానపు రాజధాని ఇందోర్‌లో. ప్లేగు, మలేరియాలతో ఆ నగరం అల్లాడుతోంది. పటం చేతబట్టుకొని వీధుల్లో తిరిగే తెల్లదొరను చూడగానే జనం తప్పుకొని పోయేవారు. ఆయన వచ్చిన చోటల్లా ఇళ్లు కూలుతాయని వారి భయం. జనం తన నుంచి దూరంగా ఉన్నంత కాలం ఏ పథకమూ ఫలించదని గెడ్డెస్ గ్రహించారు. తనకు ఒక్కరోజు మహారాజు హోదా ఇమ్మని కోరారు. పాలకులు అంగీకరించారు.

దీపావళికి కొత్త తరహా ఊరేగింపు జరుగుతుందని ప్రకటన వెలువడింది. ఊరేగింపు ఆనవాయితీగా సాగే దారిలో వెళ్లదు. ఏ వీధివారు ఎక్కువ ఇళ్లను శుభ్రం చేసి మరమ్మతు చేసుకుంటారో ఆ వీధి గుండానే వెళుతుంది. చెత్తను ఉచితంగా తరలిస్తారు. దారి ఎటన్న నిర్ణయం ఇప్పుడు వీధివారి చేతిలో ఉంది. వాడవాడా పోటీ పడింది. గోడలకు సున్నాలు, తలుపులకు రంగులు పడ్డాయి. ఏళ్లుగా పేరుకున్న చెత్త బండ్లకొద్దీ ఊరు దాటింది.

పండుగ నాడు పంటల శకటాల వెనుక మురికి రాక్షసుడి భారీ బొమ్మ, ప్లేగును మోసే ఎలుక బొమ్మ, దోమల బొమ్మలు సాగాయి. వాటి వెనుక నగరాన్ని నిత్యం ఊడ్చే కార్మికులు తెల్లని ఉతికిన బట్టలతో, కొత్త తలపాగాలతో, పూలదండలు చుట్టిన చీపుర్లతో నడిచారు. వారి బండ్లకు కొత్త రంగులు, ఎడ్ల కొమ్ములకు అలంకారాలు. ఊరు అంటరానివారుగా చూసిన మనుషులు ఆ రోజు ఊరేగింపుకే గౌరవ స్థానంలో నిలిచారు. తరువాత లక్ష్మీదేవి శకటం, వృత్తిపనివారి శకటాలు, రాబోయే భవనాల నమూనాలు వచ్చాయి. తులసి మొక్కలు పంచారు. చివరకు మురికి రాక్షసుడినీ ఎలుకనూ బాణసంచాతో దహనం చేశారు. నగర ప్రణాళికలోని విషయాన్ని చదువురాని వ్యక్తి సైతం ఆ ఒక్కరోజులో తన వీధిలోనే చూడగలిగాడు.

ప్లేగు ఆ తరువాత తగ్గుముఖం పట్టింది. అందులో ఋతువు మార్పు పాత్ర కూడా ఉన్నది. కానీ జనంలోని అనుమానం తగ్గడానికి ఋతువు కారణం కాదు. ఇందోర్ నివేదిక 1918లో రెండు సంపుటాలుగా వెలువడింది.

దుఃఖం, అధ్యాపనం

ఆ విజయం వెనుక వ్యక్తిగత విషాదం ఉంది. 1917 ఏప్రిల్‌లో అలస్‌డేర్ ఫ్రాన్స్ యుద్ధరంగంలో మరణించారు. అప్పటికే భారతదేశంలో తీవ్ర జ్వరంతో మంచం పట్టిన అన్నాకు ఆ వార్త చెప్పే ధైర్యం గెడ్డెస్‌కు లేకపోయింది. కుమారుడు లేడన్న సంగతి తెలియకుండానే ఆమె ఆ జూన్‌లో కన్నుమూశారు. మురికివాడలో కాపురం పెట్టిన నాటి నుంచి తోడుగా నిలిచిన సహచరి ఆమె.

1919లో బొంబాయి విశ్వవిద్యాలయం ఆయనను సమాజశాస్త్రం, పౌరశాస్త్రాలకు తొలి ఆచార్యునిగా నియమించింది. 1924లో ఆయన తరువాత ఆ శాఖను చేపట్టిన జి.ఎస్. ఘుర్యే భారతీయ సమాజశాస్త్ర నిర్మాతలలో ఒకరయ్యారు. శాస్త్రవేత్త జగదీశ్ చంద్ర బోస్ జీవితచరిత్రను గెడ్డెస్ 1920లో ప్రచురించారు. రవీంద్రనాథ్ ఠాగూర్‌తో ఆయనకు సన్నిహిత మైత్రి ఉండేది. ఆయన చిన్న కుమారుడు ఆర్థర్ శ్రీనికేతన్ గ్రామ పునర్నిర్మాణ కృషిలో పాల్గొన్నారు. అనారోగ్యంతో భారతదేశం విడిచిన గెడ్డెస్ దక్షిణ ఫ్రాన్స్‌లోని మోంపెలియేలో స్థిరపడ్డారు. 1925లో టెల్ అవీవ్ నగర ప్రణాళిక రూపొందించారు. 1932లో నైట్ బిరుదు పొందిన కొద్దికాలానికే, ఏప్రిల్ 17న, మోంపెలియేలో మరణించారు.

మిగిలిన ప్రశ్న

గెడ్డెస్ నివేదికలలో అధిక భాగం అమలుకు నోచుకోలేదు. ఇంజనీర్లకు ఆయన విమర్శ రుచించలేదు. ఆయన శైలి కూడా సూటిగా ఉండేది కాదు. అంతకుమించిన పరిమితి మరొకటుంది. ఆయన జనం మాట విన్నారు, జనంలో ఉత్సాహం నింపారు. కానీ కాదనే హక్కు జనానికి చట్టరీత్యా లేదు. తంజావూరులో అధికారం మున్సిపాలిటీది, ఇందోర్‌లో మహారాజుది. సహృదయుడైన పాలకుడు మారితే వీధివారి మాట మళ్లీ గాలిలో కలిసేది.

గెడ్డెస్, ఆయన సహచరుడు లాంచెస్టర్ మద్రాసు రాజధానిలో తిరిగిన ఆ దశాబ్దం ముగిసేసరికి, 1920లో అక్కడ పట్టణ ప్రణాళిక చట్టం వచ్చింది. నేటి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పట్టణ ప్రణాళిక చట్టాలకు మూలం అదే. మాస్టర్ ప్లాన్ ముసాయిదాను ప్రకటించి అభ్యంతరాలు, సూచనలు కోరడం నేడు ఆనవాయితీ. 1993లో అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాలలో వార్డు కమిటీలను తప్పనిసరి చేసింది. గెడ్డెస్ కాలంలో పాలకుని దయగా ఉన్నది ఇప్పుడు పౌరుని హక్కు.

అయితే ముసాయిదా పటం సామాన్యునికి చదవరాని భాషలో ఉండి, నివాస ప్రాంతం వాణిజ్య ప్రాంతంగా మారిన సంగతి, ఇంటి మీదుగా 100 అడుగుల రోడ్డు గీసిన సంగతి గడువు ముగిశాక తెలిస్తే ఆ హక్కు అక్కరకు రాదు. వార్డు కమిటీలు అనేక చోట్ల కాగితాలకే పరిమితమయ్యాయన్న విమర్శ కొనసాగుతున్నది. అభ్యంతరం చెప్పే అవకాశం పటం పూర్తయ్యాక వస్తుంది. గెడ్డెస్ కోరినది అంతకు ముందటి అడుగు. గీత గీయకముందే గీసేవాడు ఆ వీధిలో నడవాలి, అక్కడి బావిని, చెట్టును, అరుగును, వాటి వెనుక ఉన్న మనుషులను ఎరగాలి. ఇందోర్ ప్రజలు ఆయనను నమ్మినది పథకం బాగున్నదని కాదు. ఊరేగింపు దారి తమ చేతిలో ఉన్నదని తెలిశాకనే వారు చీపురు పట్టారు.