గడియారము చేతబట్టి పరుగెత్తిన పావో నూర్మి

మన పాఠశాల క్రీడోత్సవమున మైలు పందెమును చూచినవారందరికిని ఒక సంగతి తెలిసియే యుండును. ఈల వినబడగానే కొందరు బాలురు లేళ్లవలె దుముకుదురు. రెండవ చుట్టు ముగియక మునుపే డొక్కలు పట్టుకొని నిలిచిపోవుదురు. మరికొందరు తుదివరకును విడువక పరుగెత్తుదురు గాని, ఆఖరు చుట్టున వేగము హెచ్చింపుమని ఎన్ని కేకలు వేసినను వారి కాళ్లు మాట వినవు. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువుకొను దినములలో మేమును ఈ రెండవ తెగలోని వారమే. సాయంకాలమున చెరువుగట్టు వెంబడి మైళ్లకొలది పరుగెత్తుచుంటిమి. ఇంకొక రెండు మైళ్లు పెంచినచో వేగము దానంతటదియే వచ్చునని తలచితిమి. అది రాలేదు. ఏల రాలేదో చాల కాలమునకు పావో నూర్మి జీవితమును చదివినప్పుడు గాని మాకు బోధపడలేదు. ఆ జీవితమునే ఇక్కడ సంగ్రహముగా చెప్పదలచితిమి.

నూర్మి 1897 వ సంవత్సరము జూన్ 13 వ తేదీన ఫిన్లాండు దేశమునందలి టుర్కు పట్టణమున జన్మించెను. ఆ దేశము అప్పుడు రుష్యా చక్రవర్తి యేలుబడిలో నుండెను. తండ్రి వడ్రంగి. 1910 లో ఆయన మరణించుటతో ఆ కుటుంబము దారిద్ర్యమున పడెను. తల్లి తమ వంటయింటిని మరియొక కుటుంబమునకు అద్దెకిచ్చి, పిల్లలతో ఒక్క గదిలో కాపురముండెను. పిల్లలలో పెద్దవాడైన పావో చదువు మానుకొని, ఒక రొట్టెల దుకాణమున పనికి కుదిరెను. బరువైన బండిని టుర్కు వీధుల యెత్తులమీదికి త్రోయుట అతని నిత్యకృత్యమయ్యెను. అతని నడుమునకును కాళ్లకును బలము చేకూర్చినది ఆ బండియే యని పలువురు చెప్పుదురు.

1912 లో స్టాకుహోము నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో హన్నెస్ కొలెహ్‌మైనెన్ అను ఫిన్లాండు యువకుడు మూడు స్వర్ణ పతకములు గెలిచెను. ఆ వార్త పదునైదేండ్ల పావో మనస్సున నాటుకొనెను. కొలది దినములలోనే అతడు తన మొదటి పరుగు జోళ్లను కొనుక్కొనెను. వేసవిలో అడవి బాటల పరుగు, చలికాలమున మంచుపై స్కీయింగు, వీనికి తోడు దీర్ఘమైన నడక: ఇదియే అతని సాధన. 1914 లో అతడు ఊరిలోని క్రీడా సంఘమున చేరెను. దేహము ఇనుమువలె గట్టిపడెను గాని, వేగమునకై ప్రత్యేకమైన అభ్యాసమేదియు అప్పటికి లేకుండెను.

ఆ లోపము 1920 లో ఆంట్వర్పు ఒలింపిక్ క్రీడలలో బయటపడెను. 5000 మీటర్ల పందెమున నూర్మి తొలి చుట్లలోనే ముందునకు దూకెను. ఫ్రాన్సు దేశీయుడగు జోసెఫ్ గిల్లెమో అతని వెనుకనే ఓపికతో నుండి, ఆఖరున మెరుపువలె అతనిని దాటిపోయెను. నూర్మి నాలుగు సెకండ్లకు పైగా వెనుకబడెను. తరువాత జరిగిన 10,000 మీటర్ల పందెమున అతడు తొందరపడక, తుది చుట్టున గిల్లెమోను గెలిచెను. అయినను మొదటి యోటమిని అతడు మరువలేదు. ఓడినవారు మైదానమును, గాలిని, అదృష్టమును దూరుట మనము చూచుచుందుము. నూర్మి తన్ను తాను పరీక్షించుకొనెను.

అతనికి రెండు కొరతలు కనబడెను. మొదటిది, ఏ చుట్టును ఎంత కాలములో పరుగెత్తుచున్నాడో అతనికి తెలియకుండుట. రెండవది, కాళ్లకు వేగము నేర్పకపోవుట. మొదటి దానికి స్టాప్‌వాచిని చేతబట్టెను. సాధనలోను పందెములోను దానిని చూచుకొనుచు, ప్రతి చుట్టును ఇంచుమించు సమానమైన కాలములో పరుగెత్త నేర్చుకొనెను. అతని పోటీ ప్రక్కవానితో గాక కాలముతో నయ్యెను. రెండవ దానికై చిన్న దూరములను మిక్కిలి వేగముగా పరుగెత్తుటయు, దూరపు పరుగు చివర వేగము హెచ్చించుటయు తన సాధనలో చేర్చెను. నిదానముగా పరుగెత్తుట వలన గుండెకును ఊపిరితిత్తులకును ఓర్పు కలుగును. కాని కాళ్లు త్వరగా కదలుట నేర్వవలెనన్న వానిని త్వరగా కదలింపవలసినదే. కొంచెము దూరము వేగముగా పరుగెత్తి, అలసట తీరువరకు నడచి, మరల పరుగెత్తవలెను. పడుచవానిలో గర్వము దీని కడ్డుపడును. ఏలయన దూరములో బలవంతుడైనవాడు వేగములో తాను బలహీనుడనని ప్రతిదినము ఒప్పుకొనవలసి వచ్చును. మేము చెరువుగట్టున తప్పించుకొనినది ఈ యొప్పుకోలునే. నూర్మి సయితము తన తొలినాళ్ల సాధన ఒకే తీరున సాగిన నిదానపు సాధనయని, అది పొరపాటని తరువాత ఒప్పుకొనెను.

ఫలితము త్వరలోనే కనబడెను. 1923 లో అతడు మైలు దూరమును 4 నిమిషముల 10.4 సెకండ్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పెను. 1924 లో పారిస్ ఒలింపిక్ క్రీడలలో జూలై 10 వ తేదీన 1500 మీటర్ల పందెమును 3 నిమిషముల 53.6 సెకండ్లలో గెలిచి, రెండు గంటలైనను గడువక మునుపే 5000 మీటర్ల పందెమును గూడ గెలిచెను. రెండు దినముల తరువాత మండుటెండలో అడ్డదారుల పరుగు జరుగగా, బయలుదేరిన 38 మందిలో 15 గురు మాత్రమే గమ్యము చేరిరి. వారిలో నూర్మియే ప్రథముడు. ఆ క్రీడలలో అతనికి 5 స్వర్ణ పతకములు లభించెను. మూడు ఒలింపిక్కులలో కలిపి 9 స్వర్ణములు, 3 రజతములు గెలిచెను.

1928 లో ఆమ్‌స్టర్‌డాము నగరమున అడ్డంకుల పరుగులో అతడు నీటిగుంటలో పడిపోగా, దుకేన్ అను ఫ్రెంచి క్రీడాకారుడు ఆగి లేవనెత్తెను. మితభాషియగు నూర్మి మాటలతో గాక కాళ్లతో కృతజ్ఞత చూపెను. తాను ముందు పరుగెత్తుచు, వెనుకబడిన అతనిని మిగిలినవారి యొద్దకు చేర్చెను.

అతని జీవితమున చేదును లేకపోలేదు. పందెములకు ఖర్చులకు మించి ధనము పుచ్చుకొనెనను నిందపై 1932 లో అతనిని అంతర్జాతీయ పోటీలనుండి తొలగించిరి. మారథాను పరుగెత్తు నాశతో లాస్ ఏంజిలీసు వరకు వెళ్లియు, ఆ క్రీడలలో పాల్గొనుటకు అనుమతి పొందలేకపోయెను. గడియారముతో గెలువరాని పోటీ అదియొక్కటియే.

ఇరువది సంవత్సరములు గడచెను. 1952 లో ఒలింపిక్ క్రీడలు ఫిన్లాండు రాజధానియగు హెల్సింకికే వచ్చెను. ఆరంభ దినమున దివిటీ చేతబట్టి మైదానమున ప్రవేశించిన యేబదియైదేండ్ల మనిషిని గుర్తించి జనసమూహము హర్షధ్వానము చేసెను. అతడు నూర్మియే. మైదానములోని జ్యోతిని అతడు వెలిగింపగా, గోపురముపైని జ్యోతిని కొలెహ్‌మైనెన్ వెలిగించెను. నలువది యేండ్ల క్రిందట ఒక బీద బాలునిచే పరుగు జోళ్లు కొనిపించినవాడు ఆయనయే గదా!

నూర్మి 1973 వ సంవత్సరము అక్టోబరు 2 వ తేదీన మరణించెను. ఆయన యంత్యక్రియలు ప్రభుత్వ మర్యాదలతో జరిగెను.

ప్రియ విద్యార్థులారా! మీలో లెక్కలు నిదానముగా చేయువారు కలరు, చదువుటలో తడబడువారు కలరు, మైదానమున వెనుకబడువారును కలరు. ఎంత చేసితిమని మాత్రమే లెక్కించుకొనక, ఎక్కడ కొరతపడితిమో చూచుకొని అక్కడనే సాధన చేయుడు. రాబోవు క్రీడోత్సవమునకు మేము మైదానమున గడియారము పట్టుకొని నిలిచియుందుము. ప్రక్కవానిని గెలిచినను గెలువకున్నను, నిరుటి మీ కాలమును గెలిచినచో మాకు చాలును.