దేవుని కిచ్చిన ఇల్లు

థియొడోర్ మెటోకైటిస్ గొప్ప పండితుడు. కాన్‌స్టాంటినోపుల్ (నేటి ఇస్తాంబుల్) చక్రవర్తి రెండవ ఆండ్రోనికస్‌కు ప్రధానమంత్రి. ప్రజల పన్నులతో ధనికుడయ్యాడన్న నిందా ఉంది. సుమారు 1315-1321 మధ్య పాతబడిన ఖోరా మఠ దేవాలయాన్ని తన సొమ్ముతో బాగుచేయించాడు. ముఖమండప గోపురాలను బంగారు మొజాయిక్‌లతో నింపాడు. పక్క ప్రార్థనాలయంలో, ఆదామవ్వలను సమాధుల నుండి చేయిపట్టి లేపుతున్న క్రీస్తు ప్రభువు చిత్రం వేయించాడు. ద్వారంపైన, మోకరించి ప్రభువుకు ఆలయాన్ని అర్పిస్తున్న తన రూపం పెట్టించాడు.

1328లో చక్రవర్తి సింహాసనం కోల్పోయాడు. థియొడోర్ భవనాన్ని దోచి కూల్చారు. ఆస్తి పోయింది, దేశాంతరవాసం ప్రాప్తించింది. 1330లో తిరిగివస్తే తలదాచుకోవడానికి మిగిలింది ఆ మఠమే. అక్కడే సన్యాసిగా 1332లో కన్నుమూశాడు.

16వ శతాబ్దంలో ఆ దేవాలయం మసీదయింది. 1945లో మ్యూజియంగా ప్రకటించారు. 2024లో మళ్ళీ మసీదుగా తెరిచారు. ద్వారంపైన థియొడోర్ ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నాడు. ప్రియ విశ్వాసులారా, తనకోసం కట్టుకున్న ఇల్లు అతనికి దక్కలేదు. దేవునికిచ్చినదే చివరకు అతణ్ణి ఆదుకుంది.